మా అత్త చేని మీద మబ్బు

మా లైన్ ఇళ్ళలో గోడకు తగిలించే పటాలకు ఒక పద్ధతి ఉండేది. దేవుళ్ళ పటాలు రంగుల్లో ఉంటాయి. పెళ్ళి ఫోటో ఉంటే దాన్ని స్టూడియోలో ఇచ్చి రంగు పూయిస్తారు. రంగు లేకుండా నలుపూ తెలుపుగా అద్దం కట్టించి తగిలించారంటే, ఆ మనిషి పోయినట్టు లెక్క. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. కోయంబత్తూరు మిల్లు లైన్లలో గోడకు గోడ ఆనించుకుని బతికిన మా తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతి, అంతే.

అందుకే, మా ఇంటాయన పెన్సిల్‌తో గీసిన బొమ్మకు మా మామ ముచ్చటపడి అద్దం కట్టించి వాకిలికి ఎదురుగా తగిలించిన రోజున, పక్కింటామె పిండి గిన్నెతో లోపలికి వచ్చి, గోడ చూసి గొంతు తగ్గించి అడిగింది.

"ఎవురమ్మా పోయింది?"

ఎవరూ పోలేదు, అది ఉడుమలైపేట పక్కన మా అత్తవాళ్ళ చేను అని చెప్పాను. ఆమె పటం దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది. చేను పోయిందా అని అడిగింది. చేతులు మారి చాలా కాలమైంది అన్నాను. "అట్లయితే సరిదా" అని, అరవపు 'దా' తగిలించి నొక్కి చెప్పి, గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నాకు నవ్వు ఆగలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న అత్తకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తెలియాలంటే పెద్దత్త సంగతి చెప్పాలి.

పెద్దత్త మా అత్తకు సొంత అక్క. అక్కాచెల్లెళ్ళను అన్నదమ్ములిద్దరికి ఇచ్చి చేశారు. ఒకే ఇంట్లో కాపురం, ఒకే పొయ్యి. భాగాలు పంచుకున్నప్పుడు చేను రెండు ముక్కలైంది. నడుమ ఒక గట్టు వేశారు. వరప్పు అంటాం మేము. ప్రతి దున్నకానికీ ఆ వరప్పు కాస్త అటో ఇటో జరిగేది. నాగలి జరిపిందో, వాన కరిగించిందో దేవుడికి తెలియాలి. అక్క జరిపించిందని చెల్లెలు, చెల్లెలు జరిపించిందని అక్క. మగవాళ్ళిద్దరూ దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు, ఆ వరప్పు మీదే కూర్చుని ఒకే కట్టలోంచి బీడీలు తాగేవారు. ఆడవాళ్ళు మాత్రం దానికి అటొకరూ ఇటొకరూ నిలబడి, గొడ్లు కాసేవాళ్ళు ఆగి వినేంతగా మాటలు అనుకున్నారు. తర్వాత వానలు తప్పాయి, బావి అడుగంటింది. మామ తన ముక్కను అన్నకే అప్పజెప్పి కోయంబత్తూరు వచ్చి స్పిన్నింగ్ మిల్లులో చేరిపోయాడు. అత్త మళ్ళీ ఆ పక్కకు పోలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "బాగుండావా" అని ఒకరు, "బాగుండా" అని ఒకరు. అంతటితో సరి.

అలాంటి పెద్దత్త, కోయంబత్తూరులో వాళ్ళ బంధువుల పెళ్ళికి వస్తున్నదనీ, దిగడం చెల్లెలింట్లోనే దిగుతానన్నదనీ ఆ ఊరి మనిషి ఒకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి అత్త కాలు నిలవలేదు. గోడలకు సున్నం కొట్టించింది. అటక మీది ఇత్తడి చెంబులు దింపించి నా చేత చింతపండుతో తోమించింది. చివరికి కొడుకును కూర్చోబెట్టి, మన చేను గీసి పెట్టమంది. అక్క లోపలికి అడుగు పెట్టగానే అది కనపడాలట. తాను ఏ మాటా చెప్పే పని లేకుండా, చెల్లెలు మరిచిపోలేదని అక్కకు తెలియాలట. నోటితో చెప్పడం మొదలుపెడితే మాట ఎటు పోయినా వరప్పు దగ్గరికే పోతుందని అత్తకు భయం.

మా ఇంటాయనకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పలేదు. మిల్లులో నూలు కట్టలకు చుట్టే మందపాటి కాగితం ముక్కలు తెచ్చుకుని, ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని గీసుకునేవాడు. ఈ బొమ్మకు మాత్రం మంచి తెల్ల కాగితం కొన్నాడు. నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరుతూ చూస్తున్నాను. కాగితానికి బాగా కిందగా అడ్డంగా ఒక గీత గీశాడు. అదే నేల. గీత చివర మూడు తాటిచెట్లు, ఒక్కోటి నా చిటికెన వేలి గోరంత. వెనక కొండలు, ఉన్నాయా లేవా అన్నట్టుగా. మిగిలిందంతా ఆకాశం. పెన్సిల్‌ను పక్కకు వాల్చి ఆకాశమంతా రుద్ది, జేబులోంచి మిల్లు పత్తి ఉండ తీసి దానితో అద్దాడు. అద్దేకొద్దీ పడమటి పక్క నుంచి మబ్బు పైకి లేచినట్టైంది. కొండలకూ మబ్బుకూ నడుమ సన్నటి పట్టీ ఒకటి మాత్రం ముట్టుకోకుండా తెల్లగా వదిలేశాడు.

ఆ తర్వాత పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ఊరుకున్నాడు. ఇదేమిటి, బావి లేదు, ఎద్దులు లేవు, మనిషి కూడా లేడే అని అడిగాను.

"ఇంక గీస్తే వాన వచ్చేస్తుంది" అన్నాడు.

సగంలో వదిలేశాడనే అత్త కూడా అనుకుంది, కానీ కొడుకుతో అనలేదు. పక్కింటామె మాటతో అది బయటపడింది. అక్క వచ్చి చూసి, నా చేనికి దండ వేసి తగిలించినావా అంటే ఏమి చెప్పేది అని నన్ను అడిగింది. దండ వేయలేదు కదత్తా అన్నాను. దండ ఒకటిదా తక్కువ అంది. పాపం పిల్లాడికి రంగులు కొనే గతి లేక అట్లా వదిలేశాడని ఆమెకు గట్టి నమ్మకం. పెళ్ళి ఫోటోలకు పూసే స్టూడియో ఆయన దీనికి మాత్రం ఎందుకు పూయడని ఆమె వాదన.

మా ఇంటాయన పొద్దుటి షిఫ్టుకు పోయాక, మామ పేపర్ మొహం మీద కప్పుకుని నిద్రపోతుంటే, అత్త పటం దింపి తువాలులో చుట్టింది. నన్ను తోడు రమ్మంది. దారిలో ఎవరు అడిగినా అద్దం మార్పించడానికని చెప్పమంది. ఎవరూ అడగలేదు. ఆమే ముగ్గురిని ఆపి చెప్పింది.

స్టూడియో రైలు గేటు దగ్గర ఉండేది. రంగులు పూసే ఆయన మదురై పక్క నుంచి వచ్చిన మన భాష మనిషే. గోడ నిండా ఆయన పూసిన ఫోటోలు. ఆడవాళ్ళు ఏ చీర కట్టుకుని ఫోటో తీయించుకున్నా అందులో చిలకపచ్చే. మగవాళ్ళకు, ఎంత మీసాల తాతైనా సరే, పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. అత్తకు అవి ఎంతో నచ్చాయి. చూసినావా, ఇదిదా పని అంది నాతో.

ఆయన అద్దం విప్పి బొమ్మను బల్ల మీద పరిచాడు. సీసాలు వరసగా పెట్టుకున్నాడు. పుల్లకు దూది చుట్టాడు. కాగితం బొమ్మకు ఎప్పుడూ పూయలేదు గానీ పూస్తాను, చూసినవాళ్ళు మీరు గనుక ఏది ఎక్కడో మీరే చెప్పండి అని అత్తకు స్టూలు చూపించాడు. అత్త సర్దుకుని కూర్చుంది.

"ఆకాశానికి నీలం ఏసేదామ్మా?" అన్నాడు.

"నీలం యాడిది? పాలక్కాడు పక్క నుంచి మబ్బు ఎక్కితే నీలం ఉంటాదా?"

"సరి, మబ్బు. ఈ నడుమ తెల్లగా వదిలేసినారే, ఈడ కొంచెం పసుపు పూస్తే బాగుంటాది."

"వద్దు వద్దు. అది వాన ముందర వెలుతురు. దాన్ని ముట్టుకోవద్దు."

"నేలకి పచ్చ?"

"విత్తనమే పడలేదు. పచ్చ యాడ నుంచి వచ్చేది?"

అయితే ఎర్ర నేలా, నల్ల నేలా అని అడిగాడు. ఎర్ర నేలే, కానీ అంత మబ్బు కమ్మితే ఎరుపు తెలియదు, బూడిద కలిపినట్టు ఉంటుంది అంది అత్త. తాటిచెట్లకు అన్నాడు. అంత దూరానికి చెట్టు తెలుస్తుంది గానీ చెట్టు రంగు తెలుస్తుందా అని ఎదురు అడిగింది. అడిగి, కాస్త ముందుకు వంగింది. ఆ గోరంత చెట్ల తలల్లో నాలుగేసి గీతలే ఉన్నాయి. అన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి.

"అమ్మాయ్, గాలి చూడు" అంది నాతో. "గాలి వచ్చేసింది. ఇంక దుమ్ము లేస్తాది. దాని వెనకాలే వాన."

రంగులాయన నీలం సీసా మూత పెట్టాడు. పచ్చ సీసా మూత పెట్టాడు. దూది పుల్ల చెవి వెనక దోపుకున్నాడు.

"మీరు చెప్పేదంతా ఈడనే ఉండాది కదమ్మా" అన్నాడు. "ఇంక నేనేమి ఏసేది?"

రైలు వస్తున్నట్టుంది, గేటు దించేశారు, బయట సైకిళ్ళ గంటలు. అత్త స్టూలు మీద నుంచి లేవకుండా ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. మా ఇంట్లో పొద్దుటినుంచీ రాత్రిదాకా ఏదో ఒకటి సర్దుతూ, ఎవరినో ఒకరిని పిలుస్తూ ఉండే మనిషి. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని అంతసేపు ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. నేనూ ఆమె భుజం మీదుగా చూశాను. ఇంట్లో ఎన్నిసార్లు తుడిచానో ఆ అద్దాన్ని. అప్పుడు కనపడనిది అక్కడ కనపడింది. అందులో ఏమీ లేదని నేననుకున్న చోటంతా వాన కోసం ఖాళీగా ఉంచినట్టు ఉంది. బావీ ఎద్దులూ ఉండి ఉంటే కళ్ళు వాటి దగ్గరే ఆగిపోయేవి, అంత దూరం పోయేవి కావు.

రంగులాయన పైసా తీసుకోలేదు. అద్దం బిగించి, తన తువాలుతో తుడిచి మరీ ఇచ్చాడు. మా ఇద్దరినీ చూసి, ఫోటో తీయించుకుంటే రంగు పూసి ఇస్తానన్నాడు. అత్త తన పెదాల మీద వేలు పెట్టుకుని వద్దని తల ఊపింది.

ఇంటికి నడిచి వస్తున్నాం. అత్త హుషారుగా ఉంది, ఆ చేని మీద కురిసిన వానల కథలు చెబుతోంది. మిల్లు గోడ దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆగిపోయింది. తువాలు తొలగించి మళ్ళీ చూసింది.

"ఇందులో వరప్పు యాడ?" అంది.

లేదు. నేల గీత ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే. అక్క ముక్కా చెల్లెలి ముక్కా కలిసిపోయి ఉన్నాయి. అత్త పటాన్ని గబుక్కున తువాలులో మళ్ళీ చుట్టేసింది. రంగు లేకపోతే పోయె, ఇప్పుడు అక్క వచ్చి, నేల మీద మింగలేని వరప్పును కాగితం మీద మింగేసినావా అంటే ఏమి చేసేది అంది. పెద్దత్త అలా అనగల మనిషే.

సాయంత్రం మా ఇంటాయన మిల్లు నుంచి వచ్చి, తలలో పత్తి దులుపుకోకముందే అత్త అంతా చెప్పేసింది, స్టూడియో సంగతితో సహా. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. చిలకపచ్చ తాటిచెట్లు తప్పిపోయాయన్నమాట అని నవ్వాడు. ఆ వెలుతురులో, నేను నిలబడిన చోటి నుంచి వరప్పు కనపడదు, అందుకే గీయలేదు అన్నాడు. మీ పెద్దమ్మ వెలుతురు మాట వింటుందా అంది అత్త. సరే, గీస్తాను, ఎక్కడో చెప్పు అని పెన్సిల్ తీశాడు.

అత్త వేలు మూడో తాటిచెట్టు దగ్గర పెట్టింది. తర్వాత కొంచెం ఇవతలికి జరిపింది. ఇక్కడ అంటే అక్క ఒప్పుకోదు అంది. మళ్ళీ అవతలికి జరిపింది. అక్కడ అంటే నేనెట్లా ఒప్పుకుంటాను అంది. అద్దం మీద వేలిముద్రలు పడ్డాయి గానీ చోటు తేలలేదు. చివరికి విసుగుపుట్టి, పోనీ, ఎట్లా ఉంటే అట్లా ఉండనీ అని తనే తగిలించేసింది.

పెద్దత్త పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. మంచి ఎండాకాలం. లైన్ రేకులన్నీ కాగుతున్నాయి. చేతిలో ఒక సంచీ, సంచీలో కొబ్బరికాయలు. కాళ్ళు కడుక్కుని, లోపలికి వంగి వచ్చి, తల ఎత్తేసరికి ఎదురుగా పటం.

ఆమె సంచీ కింద పెట్టలేదు. అత్త నా వెనక నిలబడి నా కొంగు పట్టుకుంది. మా ఇంటాయన వాకిట్లోనే ఆగిపోయాడు. మామకు మాత్రం ఏమీ పట్టలేదు. స్పిన్నింగ్ మిషన్ల హోరులో ఏళ్ళ తరబడి పని చేసి ఆయనకు చెవులు మందగించాయి. వదినా, కూర్చో, కూర్చో అని గట్టిగా అంటూనే ఉన్నాడు.

పెద్దత్త పటం ముందుకు నడిచింది. మూడు చెట్ల మీదా వరసగా వేలు పెట్టింది. మబ్బు మీద అరచెయ్యి పెట్టింది.

"వానొస్తా ఉండాది" అంది. నేల గీత వెంట వేలు జరిపి, "వరప్పు యాడ?" అంది.

ఆ ఒక్క మాట మామకు వినబడింది. గబగబా లేచి పేపర్ తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ వెలుతురులో కనపడదు పెద్దమ్మా అని మా ఇంటాయన మొదలుపెట్టాడు. అత్త ఆయన్ను ఆపేసింది. నా వెనక నుంచి ముందుకు వచ్చింది.

"నేను మింగలేదక్కా" అంది. "యాడ పెట్టేదో తెలీక వదిలేసినాము. నువ్వు చెప్పు. నువ్వు చెప్పిన చోటనే గీస్తాడు."

పెద్దత్త చెల్లెలి మొహం చూసింది. అప్పుడు సంచీ కింద పెట్టింది.

"ఏంటికి గీసేది?" అంది. "ఇప్పుడు ఆడ వరప్పు యాడుండాది? నువ్వు ఊరొదిలిన ఏడే దున్నేయమన్నాను. ఆ పక్క నువ్వు లేకపోతే నేను ఎవురితో పోట్లాడేది?"

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనైతే వంటింట్లోకి పోయి మజ్జిగలో ఉప్పు వేశాను. వేసింది మరిచి మళ్ళీ వేశానని వాళ్ళు తాగినప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒక్క మాట అనకుండా ఆ మజ్జిగ పూర్తిగా తాగారు.

ఆ తర్వాత మొదలైన మాటలు చీకటి పడేదాకా ఆగలేదు. పటం కింద చాప వేసుకుని కూర్చున్నారు. కాపురానికొచ్చిన కొత్తలోదే గానీ, ఏ సంవత్సరం వానో వాళ్ళిద్దరికీ తేలలేదు. కళ్ళంలో వేరుశనగ ఆరబోసి ఉందనీ, మబ్బు చూసి ఇద్దరూ పరుగెత్తారనీ, ఒకరి చీర చెంగులో ఒకరు ఎత్తిపోసుకున్నారనీ మాత్రం తేలింది. కాలు జారి పడింది నువ్వంటే నువ్వని చాలాసేపు నవ్వుకున్నారు. బొమ్మలో వేరుశనగా లేదు, కళ్ళమూ లేదు. ఆ తెల్ల పట్టీ దగ్గర వేలు పెట్టి, ఈ వెలుతురులోనే కదా అని చెప్పుకున్నారు. మా ఇంటాయన గడప మీద కూర్చుని విన్నాడు. ఆ వాన నాటికి తాను పుట్టనే లేదు, తాను గీసింది ఇంకో వాన అని నాతో మెల్లగా అన్నాడు. చెప్పకు అన్నాను.

పెళ్ళి అయిపోయి బయలుదేరే రోజున, పెద్దత్త తన సంచీ సర్దుకుంటూ పటం కూడా దింపి సంచీ పక్కన పెట్టుకుంది. ఇది చేను ఉన్న చోటికే పోవాలి అంది. అత్త దాన్ని ఎత్తి మళ్ళీ మేకుకు తగిలించింది. చేను నీ దగ్గరే ఉంది కదా, బొమ్మ కూడా నీకే కావాలా అంది. బస్సు వేళ అవుతోందని మామ వాకిట్లోంచి అరుస్తున్నాడు. ఇంకోటి గీసిస్తానని మా ఇంటాయన బతిమాలాడు. ఇద్దరూ ఆయన మీదికి వచ్చారు. ఇంకోటి ఎట్లా వస్తుంది, అది ఆ వేళ మబ్బు కదా అన్నారు. నిజమే, తర్వాత ఆయన ఎన్నిసార్లు కూర్చున్నా ఆ మబ్బు పత్తికి రాలేదు.

చివరికి వానాకాలం దాకా అక్క దగ్గర, తర్వాత చెల్లెలి దగ్గర అని ఒప్పందం చేసుకున్నారు. బస్సులో పంపితే అద్దం పగులుతుందనీ, ఇంకొకరి చేతికి ఇస్తే నమ్మకం లేదనీ, ఎవరి వంతు అయితే వాళ్ళే స్వయంగా వచ్చి తీసుకుపోవాలనీ అన్నారు. ఇన్నాళ్ళూ ఆ పక్కకు పోనని పట్టుబట్టిన మా అత్త, మొదటి వానలు పడ్డాయని తెలియగానే ఉడుమలైపేట బస్సు ఎక్కింది. పటం తీసుకుని రెండో రోజుకు వస్తానని చెప్పిన మనిషి, వారం దాటి వచ్చింది. పాదాల నిండా ఎర్రమన్ను. చేను ఎట్లా ఉందని అడిగితే, తాటిచెట్టు ఒకటి పడిపోయిందంది. మా అక్క బొమ్మకు బొట్టు పెడతా ఉందంది, ప్రతి శుక్రవారమూ మబ్బుకు నడుమ, సూర్యుడు వచ్చినట్టు. అద్దం మీది ఆ బొట్టు తుడుస్తూ, వచ్చేసారి అక్క వచ్చినప్పుడు గట్టిగా అడుగుతాను అంది.

అడిగింది కూడా. ఆ తగవు వాళ్ళు బతికినంత కాలమూ నడిచింది. పటం ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఒకసారి ఈమె ఇటు, ఒకసారి ఆమె అటు.